పరచోట పాలేరు

తరువింగ పొలం హద్దు నడిచినవాళ్ళు నలుగురు. పందొమ్మిదేళ్ళ కిందటి మాట. ముందు ఈ పేటలన్నిటికీ పెద్ద అయిన మా చీఫ్ నడిచాడు. ఆయన వెనక తరువింగ. తరువింగ తరఫున మాట చెప్పడానికి న్యాజ్విద్జి ఏరు దాటి వచ్చిన అతని మామగారు ముసారా మూడో మనిషి. నాలుగోవాడు చీఫ్ కొడుకు గ్విన్యాయి. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు. గొడ్డలి, కొయ్యమేకులు మోసింది అతనే.

ఈ నలుగురిలో చీఫ్‌కి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. మాట పడిపోయింది. మనిషిని చూసి కళ్ళతో పలకరిస్తాడు, అంతే. ఆయన పీట మీద ఇప్పుడు గ్విన్యాయి కూర్చుని తీర్పులు చెబుతున్నాడు.

తరువింగ ఈ ఊరివాడు కాదు. జాకా నుంచి వచ్చాడు. అక్కడ అతని తండ్రి ఊరిపెద్ద. అయిదో కొడుకైన ఇతని దగ్గరికి వచ్చేసరికి పంచడానికి భూమి మిగల్లేదు. పెళ్ళాం షుపికాయిని, రెండు ఎద్దుల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి చీఫ్‌ని పొలం అడిగాడు. షుపికాయి మొదటి కాన్పుకి సాయంగా ఆమె చెల్లెలు ముచనేత వచ్చింది. గ్విన్యాయి ఆమెను బోరింగు దగ్గర చూశాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకున్నాడు. అలా వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు అయ్యారు. మా ఊళ్ళో ఒకరు పీట మీద, ఒకరు నేల మీద. మామగారింట్లో లెక్క వేరు. అక్కడ అయిదుగురు అల్లుళ్ళలో తరువింగ పెద్ద, గ్విన్యాయి ఆఖరు.

ఆగస్టులో నెవెరా దావా వేశాడు. నెవెరా తరువింగ ఉండే పేటకి పెద్ద. తండ్రి పోయాక ఆ పెద్దరికం అతనికి వచ్చింది.

"ఆ పొలం మా నాన్న ఇతనికి దున్నుకోమని ఇచ్చాడు. ఉంచుకోమని ఇవ్వలేదు," అన్నాడు నెవెరా పంచాయితీలో. "నా కొడుక్కి పెళ్ళయింది. వాడికి పొలం కావాలి."

"పందొమ్మిదేళ్ళు దున్నాను," అన్నాడు తరువింగ.

"పందొమ్మిదేళ్ళు తిన్నావు. కడుపు నిండలేదా?"

జనం నవ్వారు.

"ఇచ్చింది మీ నాన్నగారు కాదు. చీఫ్ గారు. హద్దు నడిచి మేకులు కొట్టించారు."

"మేకులేవి?"

"చెదలు తిన్నాయి."

"సాక్షులేరి? వాళ్ళనీ చెదలు తిన్నాయా?"

తరువింగ నేలకేసి చూశాడు. పీట మీద ఉన్నవాణ్ణి సాక్ష్యం అడగడం మా దగ్గర లేదు. పీటకేసి వేలు చూపించినవాడు ఒక ఆవు తప్పు కట్టాలి. ఆ సంగతి తరువింగకి తెలుసు. పీట మీద ఉన్నవాడికీ తెలుసు.

"మా మామ ముసారా ఉన్నాడు. ఆయన వచ్చి చెబుతాడు," అన్నాడు తరువింగ చివరికి.

"మామని తెచ్చుకో, అత్తని తెచ్చుకో," అన్నాడు నెవెరా. "మీ నాన్న జాకాలో పెద్దమనిషని చెప్పుకుంటావుగా. అక్కడ నువ్వు ఏదైనా అయ్యుండొచ్చు. రాజు బిడ్డ పరచోట పాలేరు. పాలేరుకి పొలమేమిటయ్యా?"

సామెత పడేసరికి ముసలివాళ్ళు తలలూపారు. మా పంచాయితీలో సరైన చోట పడిన సామెత సగం తీర్పు. గ్విన్యాయి ఏమీ అనలేదు. ముసారా రావడానికి రెండు వారాలు గడువిచ్చి లేచాడు.

అతను ఎందుకు ఊరుకున్నాడో ఊళ్ళో అందరికీ అర్థమైంది. మా చీఫ్ పదవి వంశంలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతుంది. చీఫ్ పోతే ఇళ్ళ పెద్దలు కూర్చుని ఎంచుతారు. నెవెరా ఇల్లు ఎటు ఒరిగితే పీట అటు ఒరుగుతుంది. నెవెరా గ్విన్యాయి వైపు ఉన్నాడు. పైగా ముసారా వచ్చి చెబితే తాను నోరు తెరవాల్సిన పని ఉండదని గ్విన్యాయి అనుకున్నాడు.

తొమ్మిదో రోజు ముసారా చనిపోయాడు.

కబురు వచ్చేసరికి గ్విన్యాయి జిల్లా ఆఫీసులో మీటింగులో ఉన్నాడు. ముచనేత, షుపికాయి, తరువింగ అప్పటికే బస్సులో బయల్దేరారు. గ్విన్యాయి మీటింగులోంచి నేరుగా, తెలిసినవాళ్ళ పికప్‌లో, కోటూ టోపీతో ఏరు దాటి మామగారి ఊరున్న గుతు వైపు వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక మామగారి వాకిట్లో దిగాడు.

హరారే నుంచి వచ్చిన దూరపు బంధువు ఒకామె కోటూ టోపీ చూసి ఎవరో ఆఫీసరు అనుకుంది. కుర్చీ తెచ్చి వేసింది. గ్విన్యాయి కూర్చున్నాడు.

ఎదురుగా వంటింటి గుమ్మం. లోపల చాప మీద, శవం పక్కన, అత్తగారు కాళ్ళు చాపి కూర్చుని ఉంది. అత్తగారి కళ్ళెదుట అల్లుడు కుర్చీ ఎక్కడం మాలో లేదు. గుమ్మానికి ఇవతల మోకాళ్ళు ముడుచుకుని నేల మీద కూర్చోవాలి. అరచేతులు దొప్పలు చేసి మెల్లగా చప్పట్లు కొట్టి పలకరించాలి. ఆమె పలికేదాకా తల ఎత్తకూడదు. ఇది గ్విన్యాయికి తెలియని సంగతి కాదు. రెండేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు కుర్చీ వేస్తున్నారు. ఒళ్ళు అలవాటు పడింది.

ముసారా పెద్దకొడుకు జివనాయి మంట దగ్గర నుంచి అడిగాడు. మామ పోయాక ఆ ఇంట అతనే మామ.

"కుర్చీలో ఆ పెద్దమనిషి ఎవరు? జిల్లా ఆఫీసు నుంచా?"

"కాదు," అన్నాడు జువావో. "శవానికి తీర్పు చెప్పడానికి వచ్చారు."

జువావో ఆ ఇంటి నేస్తం. రెండు వంశాల మధ్య తాతల నాడు కుదిరిన నేస్తం అది. బతికి ఉన్నప్పుడు ఒకరినొకరు తిట్టుకోవడం, చస్తే ఒకరినొకరు పాతిపెట్టడం దాని పద్ధతి. చావింట్లో నేస్తం నోటికి తాళం లేదు. అతని మాటకి కోపం తెచ్చుకున్నవాడే తప్పు కడతాడు.

గ్విన్యాయి లేచాడు. టోపీ తీశాడు. గుమ్మం ముందు నేల మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. లోపలి నుంచి అత్తగారు పలకడానికి చాలాసేపు పట్టింది.

"ఒక మేక," అన్నాడు జివనాయి.

"ఇస్తాను."

"ఆడమేక."

"ఆడమేకే ఇస్తాను."

"కుర్చీకి కూడా ఒకటి ఇప్పించండయ్యా," అన్నాడు జువావో. "పాపం అదే కదా బరువు మోసింది."

అప్పుడు ఇంటి వెనక నుంచి తరువింగ వచ్చాడు. చొక్కా చెమటకి తడిసి ఉంది. చేతిలో గొడ్డలి. మా ఊళ్ళో అతను గ్విన్యాయి ఎదురుపడితే పక్కకి తప్పుకుని, "షుంబా," అని వాళ్ళ వంశం పేరుతో పలకరిస్తాడు. షుంబా అంటే సింహం.

"తమ్ముడూ," అన్నాడు తరువింగ. "కోటు విప్పు. కట్టెలు చాలవు."

మా చావు ఇళ్ళలో అల్లుళ్ళకి ఏడ్చే తీరిక ఉండదు. కట్టెలు కొట్టాలి, నీళ్ళ పీపాలు దొర్లించాలి, గొయ్యి తవ్వాలి, ఎద్దుని కోయాలి, పెద్ద కుండల్లో మాంసం వండాలి. పని పంచేది పెద్దల్లుడు. అతను ఏం చదివాడు, ఏం ఉద్యోగం చేస్తాడు అని ఎవరూ అడగరు. మిగతా ముగ్గురిలో ఒకడు బ్యాంకులో పనిచేస్తాడు, ఒకడు స్కూలు హెడ్‌మాస్టరు, ఒకడికి ఏ పనీ లేదు. ముగ్గురూ అప్పటికే చొక్కాలు విప్పి ఉన్నారు.

గ్విన్యాయి సాయంత్రం దాకా కట్టెలు కొట్టాడు. గొడ్డలి పట్టి చాలా ఏళ్ళయింది. మూడో దుంగకి అరచేతిలో బొబ్బ లేచింది. అయిదో దుంగకి చితికింది.

"చెయ్యి చూపించు," అన్నాడు హెడ్‌మాస్టరు. చూసి, "ఈ చేతితోనేనా మా తమ్ముడికి ఆ మధ్య రెండు మేకలు తప్పు వేశావు?" అన్నాడు.

"అది నోటితో వేశాను."

"నోరు బాగానే ఉన్నట్టుంది. కొట్టు, కొట్టు."

మర్నాడు పొద్దున్నే వంతులవారీగా గొయ్యి తవ్వారు. తరవాత ఎద్దుని కోశారు. తరువింగ పని పంచాడు. బ్యాంకు అల్లుడికి కుండలు, హెడ్‌మాస్టరుకి కత్తి. పని లేని అల్లుడికి మంట.

"పేగులు?" అన్నాడు గ్విన్యాయి.

"చిన్నల్లుడివి."

తొట్టి, రెండు బకెట్ల నీళ్ళు తెచ్చుకుని గ్విన్యాయి పాక వెనక కూర్చున్నాడు. ఎద్దు పేగు చాలా పొడవు. ఒక చివర పట్టుకుని పిండుతూ పోవాలి, తిరగేయాలి, కడగాలి, మళ్ళీ తిరగేయాలి. మోచేతుల దాకా పేడ.

అప్పుడే వాకిట్లో ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. జువావో చచ్చిపోయినవాడి వేషం కట్టుకుని వచ్చాడు. ముసారా పొడుగుకోటు, ముసారా చేతికర్ర. ముసారాకి ఎడమకాలు కుంటు. మాట మొదలుపెట్టే ముందు మూడుసార్లు గొంతు సవరించుకునే అలవాటు. జువావో కుంటుతూ వాకిలంతా తిరిగాడు. కోడళ్ళు నవ్వుతూ, నాలుకలాడిస్తూ సంబరంగా కేకలు పెడుతూ వెంటపడ్డారు. చచ్చినవాడు ఎలా నడిచాడో, ఎలా దగ్గాడో, భోజనంలో ఉప్పు తక్కువైతే పళ్ళెం ఎలా జరిపాడో చేసి చూపించడం అక్కడ ఎప్పుడూ ఉన్నదే. ఏడ్చి ఏడ్చి అలిసినవాళ్ళకి అది ఊపిరి.

కానీ జువావో వాకిట్లో ఆగలేదు. పాక వెనక్కి వచ్చాడు. జనం కూడా వచ్చారు.

మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"పంచాయితీకి రమ్మన్నారు. ఏరు దాటి సాక్ష్యం చెప్పాలట. బయల్దేరదామంటే ఈలోగా ప్రాణం పోయింది. అయినా మాటిచ్చాను కదా, వచ్చేశాను. తీర్పు చెప్పే దొర ఎక్కడ?"

"ఇక్కడ," అంది ఒక కోడలు. "పేగులు కడుగుతున్నారు."

"ఓహో. మంచిదే. లోపల ఏముందో చూడటం వాళ్ళ పనే కదా."

నవ్వులు. గ్విన్యాయి తల ఎత్తలేదు. పేగు వదల్లేదు.

"దొరా, విను," అన్నాడు జువావో ముసారా గొంతుతో. "మా అల్లుడి పొలం హద్దు నలుగురం నడిచాం. ఒకడికి మాట పడిపోయింది. ఒకడు చచ్చాడు, అది నేనే. ఒకడు ఇప్పుడు అక్కడ మాంసానికి ఉప్పు చూస్తున్నాడు, వాడి మాట వాడి దావాలో చెల్లదు. నాలుగోవాడు ఒకడుండాలి. కుర్రాడు. గొడ్డలి మోశాడు. మొహం గుర్తుంది, పేరు గుర్తు రావడం లేదు. చచ్చినవాణ్ణి కదా, మతిమరుపు." కర్రతో తొట్టి అంచు మీద తట్టాడు. "నువ్వు చెప్పు, అల్లుడూ. ఎవడు వాడు?"

నవ్వు ఆగింది. ఏరుకి అవతలి దావా ఇవతల అందరికీ తెలుసు. జనం గుంపులో ముచనేత నీళ్ళ బిందెతో నిలబడి ఉంది.

గ్విన్యాయి పేడ చేతులతోనే దొప్పలు పట్టి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. నేస్తం మాట విన్నానని మాత్రమే దానికి అర్థం. జువావో గొంతు సవరించుకుని, కుంటుతూ వెళ్ళిపోయాడు. లోపల చాప మీద అత్తగారు కూడా ఆ రోజు మొదటిసారి నవ్వింది అని తరవాత ఎవరో చెప్పారు. ఏ మాటకి నవ్విందో చెప్పలేదు.

జనం పలచబడ్డాక తరువింగ ఇంకో బకెట్ నీళ్ళు తెచ్చి దింపాడు.

"అన్నా, అతనికి ఎవరు చెప్పారు?"

"మామ చెప్పుంటాడు. ఆయన జువావోకి చెప్పనిదేముంది."

"నువ్వు నన్ను ఎందుకు అడగలేదు? ఆ రోజు నేనున్నానని నీకు తెలుసు."

"పీటని అడక్కూడదు."

"ఇప్పుడు పీట మీద లేను కదా."

తరువింగ తొట్టిలో పేగు ఒక ముక్క ఎత్తి చూశాడు. "ఇక్కడ అడిగితే పెద్దల్లుడు చిన్నల్లుణ్ణి అడిగినట్టు. కాదనలేవు. అలా లాక్కున్న నేలలో ఏం పండుతుంది? ఇది ఇంకోసారి తిరగెయ్యి. లోపల ఉంది."

గ్విన్యాయి తిరగేశాడు.

"నెవెరా ఆ సామెత అన్నప్పుడు..." అని ఆగాడు.

"అది నాకు కొత్తదేం కాదు," అన్నాడు తరువింగ. "జాకా నుంచి బయల్దేరేటప్పుడు మా నాన్న చెప్పిందే. నాన్న మాట, ఒక పార, ఒక సంచి విత్తనాలు. ఎద్దులు కాక అవే నేను తెచ్చుకున్నవి. ఎవరైనా నన్ను చిన్నచూపు చూస్తే ఆ మాట లోపల లోపల అనుకునేవాణ్ణి. రాజు బిడ్డ పరచోట పాలేరు. అనుకుంటే ఒళ్ళు వంగేది. దాంతోనే పందొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను." బకెట్ వంచాడు. "నెవెరా దాన్ని నా సంచిలోంచి తీసి నా నెత్తిన కొట్టాడు. అది పోయేవాడు దారికి కట్టుకునే మూట, తమ్ముడూ. ఇంట్లో కూర్చున్నవాడి చేతికర్ర కాదు."

"ఆ మాట పంచాయితీలో అనాల్సింది."

"అక్కడ నేను పాలేరుని కదా," అన్నాడు తరువింగ. నవ్వలేదు. ఉప్పు చూడటానికి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి ముసారాని పాతిపెట్టారు. గొయ్యి పూడ్చేటప్పుడు పార గ్విన్యాయి చేతికి వచ్చింది. చితికిన బొబ్బ మీద గుడ్డ చుట్టుకుని తన వంతు మట్టి వేశాడు.

ఆ ఇంట ఎద్దు మెడ అల్లుళ్ళది. అయిదుగురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని సంకటీ మాంసమూ తిన్నారు. పళ్ళెం తెచ్చింది ముచనేత.

"పేగులు శుభ్రంగా ఉన్నాయట. అమ్మ చెప్పమంది," అంది. తరవాత మొగుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మిగతావాళ్ళకి వినపడకుండా అడిగింది. "ఆ నాలుగోవాడివి నువ్వేనా?"

"నేనే."

ఆమె ఖాళీ చెంబు తీసుకుని లేచి వెళ్ళింది. తిరుగు బస్సులో అక్క పక్కన కూర్చుంది.

గడువుకి ముందు రోజు నెవెరా చీఫ్‌ని చూడటానికని ఒక కుండ జొన్నబీరు తీసుకుని వచ్చాడు. మంచం దగ్గర కాసేపు కూర్చున్నాడు. వెళ్తూ వాకిట్లో గ్విన్యాయితో అన్నాడు.

"మీ మామగారు పోయారని విన్నాను. పెద్దమనిషి. ఇక సాక్షి లేడు కాబట్టి రేపు ఎంతో సేపు పట్టదు. మా ఇల్లు ఎప్పుడూ మీ వెనకే ఉంటుంది, షుంబా."

"రేపు చూద్దాం," అన్నాడు గ్విన్యాయి.

అతను లోపలికి వెళ్ళి తండ్రి మంచం పక్కన కూర్చున్నాడు. ఏదో అడిగాడని, చీఫ్ కళ్ళు మూసి తెరిచాడని ఆయనకి అన్నం పెట్టే ఆవిడ చెప్పింది. అంతకంటే ఆమెకి తెలియదు.

మర్నాడు పంచాయితీకి మామూలు కంటే ఎక్కువమంది వచ్చారు. నెవెరా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. తరువింగ తన మామ చనిపోయాడని, ఇక తన దగ్గర సాక్షి లేడని చెప్పాడు. పంచాయితీలో పీట పక్కన కూర్చునే సలహాదార్లు నలుగురూ పీటకేసి చూశారు.

గ్విన్యాయి పీట మీంచి లేచాడు. టోపీ తీసి పీట మీద పెట్టాడు. నడిచి వచ్చి, సాక్షులు కూర్చునే చోట, మట్టిలో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అత్తగారింటి గుమ్మం ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు. సలహాదార్లలో పెద్దవాడైన గోరెదేమ వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు.

"ఈ దావా నేను తీర్చకూడదు. నేను సాక్షిని. మీరు తీర్చండి."

"షుంబా, లేవండి," అన్నాడు నెవెరా. "ఇదేం పని. మీ నాన్నగారి పీట అది."

"పీట అక్కడే ఉంది. టోపీ కాపలా ఉంది," అన్నాడు గోరెదేమ. అతనికి డెబ్బై ఏళ్ళు. "సాక్షి మాట్లాడొచ్చు."

గ్విన్యాయి చెప్పాడు. ఏ రోజు, ఎవరెవరు, ఎటు నుంచి ఎటు నడిచారు. మేకులు ఏ చెట్టువి.

"అతను మీ తోడల్లుడు," అన్నాడు నెవెరా. "ఇద్దరూ మొన్న ఒకే పళ్ళెంలో తిన్నారు. నాలుగు రోజులు అక్కడ ఉండి వచ్చి ఈ రోజు కింద కూర్చుంటే మేమేమనుకోవాలి?"

"ఆ మాట నిజమే," అన్నాడు గోరెదేమ. "సాక్షి దగ్గర నోటి మాట కాక ఇంకేమైనా ఉందా?"

"బొగ్గులున్నాయి," అన్నాడు గ్విన్యాయి.

హద్దు నడిచిన రోజు మేకులు కొట్టడం అయ్యాక తరువింగ, ముసారా నీడలో కూర్చున్నప్పుడు చీఫ్ తన కొడుకుని పక్కకి పిలిచాడు. దగ్గర్లో ఎవరో వంట చేసిన పొయ్యిలోంచి బొగ్గులు తెప్పించాడు. మేకు పీకించి, గొయ్యి మోచేతి లోతుకి తవ్వించి, గుప్పెడు బొగ్గులు వేయించి, మళ్ళీ మేకు కొట్టించాడు. నాలుగు మూలలా అంతే. మేకుని చెదలు తింటాయి, బొగ్గుని తినవు అన్నాడు. పొలం ఉన్నవాడికి తెలిస్తే జరుపుతాడు, లేనివాడికి తెలిస్తే తవ్వేస్తాడు, నువ్వు మాత్రం గుర్తుపెట్టుకో అన్నాడు.

తరువింగ అది విని తల ఎత్తాడు. అతనికీ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

పంచాయితీ మొత్తం పొలానికి నడిచింది. మొదటి మూల నాగలికి ఎన్నోసార్లు తిరగబడింది. అక్కడ ఏమీ దొరకలేదు. నెవెరా కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండో మూల తవ్వారు. మోచేతి లోతు వచ్చేసరికి మట్టి నల్లగా వచ్చింది. గోరెదేమ వంగి ఒక ముక్క తీసి అరచేతి మీద రుద్దాడు. గీత పడింది. మూడో మూలలోనూ అదే లోతున ఉన్నాయి. నాలుగో మూల మీద చీమలపుట్ట మనిషి ఎత్తున లేచింది. దాన్ని కదపలేదు.

"బొగ్గు ఎక్కడైనా ఉంటుంది," అన్నాడు నెవెరా.

"ఉంటుంది," అన్నాడు గోరెదేమ. "కొలిచి పెట్టినట్టు రెండు మూలల్లో ఒకే లోతున మాత్రం ఉండదు."

తీర్పు అక్కడే, గట్టు మీదే చెప్పాడు. పొలం తరువింగది. నెవెరా కొడుక్కి కొండ వైపు ఖాళీ నేల ఉంది, అక్కడ చూపించాలి. తరవాత గ్విన్యాయి వైపు తిరిగాడు.

"తెలిసిన సాక్ష్యం కిందటి సారి పీట కింద పెట్టుకుని కూర్చున్నందుకు ఒక మేక."

"ఇస్తాను," అన్నాడు గ్విన్యాయి.

"ఆడమేక," అంది గట్టు చివర నిలబడ్డ ముచనేత. ఆడవాళ్ళు పంచాయితీ మధ్యలో మాట్లాడకూడదు. గోరెదేమ ఆ వైపు చూసి, వినపడనట్టు ఊరుకున్నాడు.

తరువింగ వచ్చి గ్విన్యాయి ముందు వంగి చప్పట్లు కొట్టాడు. "షుంబా," అన్నాడు. అంతకు ముందు ఎలా అన్నాడో అలాగే అన్నాడు.

నెవెరా ఇంటివాళ్ళు ఆ తరవాత బీరు తాగడానికి గ్విన్యాయి ఇంటికి రాలేదు. పెద్దల మీటింగుల్లో అతను లేచి మాట్లాడితే వాళ్ళు ఆకాశం చూస్తారు. చీఫ్ ఇంకా బతికే ఉన్నాడు. పీట ఎటు పోతుందో ఇప్పుడే చెప్పలేం.

ఏడాది తరవాత, సెప్టెంబరులో, ముసారా ఆత్మని ఇంటికి పిలిచే రోజు వచ్చింది. బీరు కాచారు, ఎద్దుని తెచ్చారు. గ్విన్యాయి ఒక రోజు ముందే బస్సులో దిగాడు. కోటు లేదు. హరారే బంధువు ఈసారి కూడా వచ్చింది. అతన్ని చూసి, చూడనట్టు కుర్చీ లోపల పెట్టేసింది. అతను గుమ్మం ముందు నేల మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. అత్తగారు వెంటనే పలికింది.

ఇంటి వెనక తరువింగ అల్లుళ్ళని నిలబెట్టి పని పంచుతున్నాడు. కుండలు, కత్తి, మంట.

"ఈసారి పేగులు నేను కడుగుతాను," అన్నాడు బ్యాంకు అల్లుడు. "తమ్ముడికి కిందటి సారి చెయ్యి చితికింది."

"చిన్నల్లుడు ఇంకా చిన్నల్లుడేగా," అన్నాడు తరువింగ. గ్విన్యాయి అప్పటికే తొట్టి ఎత్తుకుని బోరింగు వైపు నడుస్తున్నాడు.

"తమ్ముడూ," అని వెనక నుంచి కేక వేశాడు తరువింగ. "రెండుసార్లు తిరగెయ్యి."